దయాసాగర్ ఒప్పుకున్న నేరాలు

ఉదయగిరి బస్టాండు దాటి కొండ వైపు నాలుగడుగులు వేస్తే ఎడమ పక్కన ‘సాగర్ డీటీపీ, జిరాక్స్’ అన్న బోర్డు కనిపిస్తుంది. దాని కింద చిన్న అక్షరాలతో ‘అచ్చుతప్పులు ఉండవు’ అని ఉంటుంది. అది గిరాకీ కోసం రాయించిన మాట కాదు. ఆ దుకాణం నడిపే దయాసాగర్ సారు నిజంగానే అలా బతుకుతారు.

పాతికేళ్ళ కిందట అదే గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఎనిమిది మిషన్లు, ఒక గోడ గడియారం, సారు. చుట్టుపక్కల మండలాల్లో గుమాస్తాలుగా చేరినవాళ్ళలో సగం మంది అక్కడ వేళ్ళు అరగదీసుకున్నవాళ్ళే. నేనూ అక్కడే టైపు లోయర్ పాసయ్యాను. హయ్యర్ తప్పాను, అది ఆయన తప్పు కాదు.

ఆయన సంగతి తెలియాలంటే ఒక్క ముచ్చట చాలు. వరికుంటపాడులో ఒక పెళ్ళికి మూడు వందల శుభలేఖలు అచ్చువేసి ఇచ్చాక, పెళ్ళికూతురి పేరులో ఒక ఒత్తు ఎగిరిపోయిందని ఆయనకు తెలిసింది. పెళ్ళివాళ్ళు చూసుకోనే లేదు, అప్పటికే పంచేశారు కూడా. సారు మోపెడ్ వేసుకుని ఇల్లిల్లూ తిరిగి, శుభలేఖ అడిగి పుచ్చుకుని, నల్ల పెన్నుతో ఒత్తు పెట్టి, మళ్ళీ వాళ్ళ చేతికే ఇచ్చి వచ్చారు. నాలుగు రోజులు పట్టింది. కొందరు ఆయన్ని జనాభా లెక్కల మనిషి అనుకుని ఇంట్లో ఎంతమంది ఉన్నారో చెప్పారు. చెప్పింది వృథా పోకూడదని ఆయన అది కూడా రాసుకున్నారు.

పోయిన సంవత్సరం ఆగస్టులో, ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకు, అలాంటి మనిషి మీద ఆయన కంప్యూటరే నేరం మోపింది.

ఆ పొద్దున వరికుంటపాడు నుంచి మాల్యాద్రి అనే రైతు వచ్చాడు. కూతురి ఓణీల ఫంక్షనుకు ఫ్లెక్సీ తయారు చేయించాలి. ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయని చెప్పి, చొక్కా జేబులోంచి బీడీకట్టతో పాటు దాన్ని తీశాడు. అది అప్పటికే ఫొటో స్టూడియోకీ, ఒక నెట్ సెంటరుకీ, మేనల్లుడి ల్యాప్‌టాప్‌కీ వెళ్ళి వచ్చిన పెన్‌డ్రైవ్. వాటిలో ఎక్కడ అంటించుకొచ్చిందో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

సారు దాన్ని కంప్యూటరుకు పెట్టారు. పసుపుపచ్చ ఫోల్డరు బొమ్మ ఒకటి కనిపించింది. పేరు ‘ఫంక్షన్ ఫొటోలు’. నొక్కారు. ఏమీ తెరుచుకోలేదు.

“గట్టిగా నొక్కండి సార్,” అన్నాడు మాల్యాద్రి.

గట్టిగా నొక్కారు. ఈసారి ఒక చిన్న గడి వచ్చి ఇంగ్లీషులో ఏదో అనుమతి అడిగింది. మర్యాదగా అడిగినవాళ్ళను సారు ఎప్పుడూ కాదనలేదు. ‘యస్’ నొక్కారు. అయినా ఫొటోలు రాలేదు. అంతలో కరెంటు పోయింది. పది నిమిషాలకు తిరిగి వచ్చింది. కంప్యూటరు మళ్ళీ వేస్తే, తెర నిండా ఎర్రరంగు పరుచుకుంది. పైన ఒక పెద్ద ముద్ర, ముద్రలో సింహాలు, ‘కేంద్ర కంప్యూటర్ నేర నిఘా మండలి’ అన్న పేరు. ఆ కింద ఇలా ఉంది:

‘మీ యొక్క కంప్యూటర్ తాళం అయి ఉన్నది. మీరు అసభ్యము చూసి ఉన్నారు. దొంగ సాఫ్ట్‌వేర్ వాడి ఉన్నారు. దేశ భద్రతను విరగ్గొట్టి ఉన్నారు. జరిమానా 38,500 రూపాయలు గిఫ్ట్ కార్డు ద్వారా 48 గంటల లోపల కట్టవలెను. కట్టని యెడల మీరు అరెస్టు అగుదురు. మీ ముఖము మా వద్ద ఉన్నది.’

ముఖం నిజంగానే ఉంది. కుడి పక్క చదరంలో, తెర పైన తగిలించిన కెమెరా అదే క్షణంలో తీసిన ఫొటో. దయాసాగర్ సారు నోరు కాస్త తెరిచి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారి, అచ్చం నేరస్థుడిలాగానే ఉన్నారు. ఫొటో కింద గడియారం ఒకటి వెనక్కి లెక్కపెడుతోంది.

సారు ఎస్కేప్ నొక్కారు. మూడు మీటలు కలిపి నొక్కారు. తీగ పీకి మళ్ళీ పెట్టారు. కంప్యూటరు లేచిన ప్రతిసారీ మొదట ఎర్ర తెరే లేచింది. ఆఖరికి ఆయన చేయగలిగింది చేశారు: ఎర్ర పెన్ను తీసి, ఆ నోటీసును ఒక కాగితం మీద దించుకుని, తప్పులు దిద్దారు. పదకొండు వచ్చాయి.

“ఏంది సార్ ఇది? నా బిడ్డ ఫొటోలేవి?” అని మాల్యాద్రి వంగి చూశాడు. తెర మీద సారు బొమ్మ కనిపించగానే తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు. “సార్, ఆ కెమెరాలో నేను పడినానా?”

“లేదు. నేనొక్కణ్ణే పడినాను.”

“మంచిది సార్. అట్నే ఉండనీండి,” అని మాల్యాద్రి బల్ల కిందికి దూరి, అవతలి వైపు నుంచి బయటపడ్డాడు.

ఇల్లు దుకాణం వెనకే. సారు భార్య కృపారాణి గారు అంగన్‌వాడీ టీచరు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, భర్త ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాపిడి తీసి దువ్వుకుని, కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉండటం చూశారు.

“ఏమండీ, ఏందిది?”

“పోలీసులు.”

“యాడ?”

“లోపల.”

ఆమె నోటీసు మొత్తం చదివారు. మొదటి నేరం దగ్గరే ఆగిపోయారు. “అసభ్యము చూసి ఉన్నారంట. ఏం చూసినారు?”

“ఏమీ చూళ్ళేదు కృపా.”

“ఊరికే రాస్తారా వాళ్ళు?”

సారు ఈ మధ్య చేసిన పనులన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. “మొన్న టైలరు ఓబులమ్మకి బ్లౌజు డిజైన్ల పుస్తకం జిరాక్స్ తీసిచ్చినాను. అరవై పేజీలు. ఒక్కోటి తిప్పేటప్పుడు చూడక తప్పదు గదా.”

“అది అసభ్యం గాదు, టైలరింగు,” అని కృపారాణి గారు తీర్పు చెప్పి, ఆయన్ని పక్కకు జరిపి, తానే కెమెరా ముందు నిలబడ్డారు. కొంగు సర్దుకుని చేతులు జోడించారు.

“అయ్యా, వందనాలు. నేను ఈయన భార్యని. ముప్పై రెండేళ్ళ నుంచి చూస్తుండాను. ఈయన తప్పు చేసే మనిషి గాదు. తప్పు చెయ్యాలంటే కొంచెం చురుకు ఉండాల గదయ్యా, ఈయనకి అది లేదు. దేశభద్రత సంగతంటారా, ఇంటి గొళ్ళెమే సరిగ్గా పెట్టలేడు, దేశాన్నేం విరగ్గొడతాడు?”

ఆ తర్వాత పెళ్ళి సర్టిఫికెట్, రేషను కార్డు, బాప్టిస్టు సంఘంలో ఆయనకిచ్చిన ప్రశంసాపత్రం ఒక్కొక్కటే కెమెరాకు చూపించారు. ప్రశంసాపత్రాన్ని వాళ్ళు చదువుకోడానికి వీలుగా రెండు నిమిషాలు కదలకుండా పట్టుకున్నారు. గడియారం ఆగలేదు.

“వింటుండారంటారా?” అని భర్తను అడిగారు.

“వినేటట్టు లేరు. గంటలు తగ్గతానే ఉండాయి.”

అప్పుడు సారు అసలు విషయం బయటపెట్టారు. రెండో నేరం నిజం. ఆయన ఇన్నేళ్ళుగా వాడుతున్న తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ కొన్నది కాదు. ఇన్‌స్టిట్యూట్ మూసేసి కంప్యూటరు తెచ్చుకున్న కొత్తలో నెల్లూరులో ఎవరో సీడీలో ఎక్కించి ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన కొట్టిన ప్రతి అక్షరం దొంగదే. అర్జీలు, శుభలేఖలు, సంఘం పాటల కరపత్రాలు అన్నీ. “ఎప్పటికైనా వస్తారని నాకు తెలుసు కృపా,” అన్నారు. అంటున్నప్పుడు ఆయన ముఖంలో ఏదో తేలిక కనిపించిందని కృపారాణి గారు నాతో చెప్పారు.

జరిమానా కట్టేద్దామనే ఆయన నిశ్చయించుకున్నారు. కానీ గిఫ్ట్ కార్డు ఏమిటో తెలియదు. బయట చెట్టు కింద నిలబడి ఉన్న మాల్యాద్రిని పిలిచి అడిగారు.

“గిఫ్ట్ అంటే కానుక గద సార్,” అన్నాడు మాల్యాద్రి. “పైనోళ్ళు నేరుగా డబ్బు అడగతారా? ఇట్టా తిప్పి అడగతారు.”

ఇద్దరూ ఫ్యాన్సీ షాపుకు వెళ్ళి, పెళ్ళి కానుకల మీద అంటించే పూల బొమ్మల కార్డు ఒకటి కొన్నారు. అందులో ‘శుభాకాంక్షలతో’ అని ఉంది. ఎవరి తరఫున అన్న చోట సారు తన పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు రాశారు. ఎర్ర తెర పదహారు అంకెలు అడుగుతోంది. కార్డు వెనక అచ్చువేసినవాళ్ళ ఫోన్ నంబరు పది అంకెలే ఉంది. మిగతా ఆరుకు ఊరి పిన్‌కోడ్ కొట్టారు. ‘చెల్లదు, ఇంక రెండు ప్రయత్నములు’ అని వచ్చింది.

“పెద్ద కార్డు కొనాల్సింది సార్,” అన్నాడు మాల్యాద్రి.

సారుకు అది నచ్చలేదు. అడ్డదారిన పోవడం వల్లే దేవుడు అడ్డం పెట్టాడనుకున్నారు. నేరం ఒప్పుకుని స్టేషనులో లొంగిపోవడం ఒక్కటే పద్ధతి అనుకుని, అటక మీది పాత తెలుగు టైపు మిషను దించారు. కంప్యూటరు లేదు కాబట్టి అదే గతి. కార్బన్ పేపర్లు పెట్టి మూడు కాపీలు మొదలుపెట్టారు. మొదట ఒక్క నేరమే రాద్దామనుకున్నారు. కానీ ఒప్పుకోవడం మొదలుపెట్టాక సగంలో ఆపడం కూడా అబద్ధమే అనిపించింది. సాయంత్రానికి పద్నాలుగు అయ్యాయి.

కృపారాణి గారు టీ తెచ్చి, ఆరుతున్న కాగితాలు చదవసాగారు. తొమ్మిదో నంబరు దగ్గర టీ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టారు.

“‘1998 క్రిస్మస్ నాడు నా భార్య వండిన కోడికూర బాగున్నదని చెప్పినాను. అది బాగలేదు.’ ఏందండీ ఇది?”

“నిజం గదా.”

“ఇరవై మంది తిన్నారు ఆ కూర!”

“వాళ్ళ నేరాలు వాళ్ళు రాసుకుంటారు.”

బుధవారం పొద్దున ఆయన సంచిలో ఒక తువ్వాలు, పళ్ళపొడి, బైబిలు పెట్టుకుని, నేరాల కాగితాలు కవరులో వేసుకుని, సాక్ష్యం కోసం ఆ పెన్‌డ్రైవ్ కూడా తీసుకుని స్టేషనుకు వెళ్ళారు. ఏ ఊరి స్టేషనో చెప్పను. అక్కడివాళ్ళు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు.

ఎస్సై బందోబస్తుకు వెళ్ళాడు. రాతపనులు చూసే హెడ్ కానిస్టేబుల్ పెంచలప్రసాద్ ఒక్కడే ఉన్నాడు. అతనూ సారు శిష్యుడే. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“ఎవరి మీద సార్ కంప్లైంటు?”

“నా మీద.”

పెంచలప్రసాద్ కాగితాలు చదవడం మొదలుపెట్టాడు. నవ్వాలా వద్దా అన్నట్టున్న ముఖం ఆరో నంబరుకు వచ్చేసరికి తెల్లబోయింది. అందులో ఇలా ఉంది: ‘1999 లోయర్ పరీక్షలో నేను పర్యవేక్షకుడిగా ఉండి, ఆపమని చెప్పవలసిన సమయానికి తుమ్ము వచ్చినట్టు నటించి, పి. పెంచలప్రసాద్ అను అభ్యర్థికి నలభై సెకన్లు అదనంగా ఇచ్చినాను.’

“సార్, పేరు కూడా రాసినారే!”

“పేరు లేకపోతే అది నేరం ఎట్టవుతుంది ప్రసాదూ, పుకారవుతుంది. ఆ నలభై సెకన్లలో నువ్వు రెండు లైన్లు కొట్టినావు. ఆ రెండు లైన్లతోనే పాసైనావు.”

“సార్, మీకు దణ్ణం పెడతా. ఆ సర్టిఫికెట్ చూసే నన్ను ఈ రాతపనిలో ఏసినారు. ఆరో నంబరు తీసెయ్యండి, మిగిలిన పదమూడూ నేను సంతోషంగా తీసుకుంటా.”

సారు తీయనన్నారు. పెంచలప్రసాద్ మాట మార్చడానికి, అసలు ఆ నోటీసు ఎలా వచ్చిందో చూద్దామన్నాడు. సారు పెన్‌డ్రైవ్ ఇచ్చారు. అతను స్టేషను కంప్యూటరుకు పెట్టాడు. పసుపుపచ్చ ఫోల్డరు. నొక్కాడు. ఏమీ రాలేదు.

“గట్టిగా నొక్కాల,” అన్నారు సారు, ఉన్న అనుభవంతో.

చిన్న గడి వచ్చింది. యస్ అన్నాడు. ఏమీ కాలేదని కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. అది లేచేలోగా ఎదురుగా ఉన్న పొట్లంలోంచి మైసూరు బోండా ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. తెర ఎర్రగా లేచింది. పైన సింహాల ముద్ర, కింద అవే నేరాలు, కుడి పక్క చదరంలో యూనిఫారంలో పెంచలప్రసాద్, సగం బోండా నోటి బయట.

అతను ఎగిరి లేచి తెరకు సెల్యూట్ కొట్టాడు.

“సార్, డ్యూటీలో బోండా తింటుంటే ఫొటో తీసినారు. నా పని అయిపోయింది.”

“పోలీసులకే పోలీసులు తాళం వేస్తారా ప్రసాదూ?”

“పైన ఇంకో పోలీసులు ఉంటారు సార్. వాళ్ళ పైన ఇంకొకరు.” ఇందులో ఎక్కడో మోసముందని తనకు అప్పుడే అనుమానం వచ్చిందని పెంచలప్రసాద్ ఇప్పుడు చెబుతాడు. అనుమానించడానికి ధైర్యం చాలలేదట. ఆ మధ్యాహ్నం అతను మఫ్టీలో సారు దుకాణానికి వచ్చి, తన నేరాలు కూడా టైపు చేయించుకున్నాడు. మూడు రాయించి, రెండు కొట్టేయించాడు.

కబురు ఊరంతా పాకింది. కంప్యూటర్లలోంచి తప్పులు బయటికొస్తున్నాయని, ముందుగా ఒప్పుకున్నవాళ్ళకు జరిమానా ఉండదని ఎవరో కలిపారు. నెట్ సెంటరు నడిపే రామనారాయణ వచ్చాడు, అతని కంప్యూటరు కూడా ఎర్రబడింది మరి. టైలరు ఓబులమ్మ కూడా వచ్చి కూర్చుంది.

“నీకు కంప్యూటరు లేదు గదమ్మా,” అన్నారు సారు.

“కంప్యూటరు లేదు సార్, తప్పు ఉండాది,” అంది ఓబులమ్మ. “జాకెట్టు గుడ్డల్లో ముక్కలు మిగల్చుకొని మా మనవరాలికి గౌను కుట్టినాను. మీరు ఎట్టాగూ కొడతుండారు గదా, అందులో కలపండి.”

ఆయన కలపలేదు. వేరే కాగితం పెట్టి, తేదీ వేసి, మూడు కాపీలు తీసి, ఒకటి ఆమెకే ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి రవికలో పెట్టుకుని ఎంతో నిమ్మళంగా వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఆ టైపు మిషను ఆగలేదు. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక అంత గిరాకీ ఆ గది ఎప్పుడూ చూడలేదు.

ఇంతమందిలో తెలివి తెచ్చుకున్నది కృపారాణి గారు. తొమ్మిదో నంబరు కోపం ఇంకా తగ్గలేదు, అయినా బుధవారం సాయంత్రం ఆత్మకూరుకు ఫోన్ చేశారు. అక్కడ భవ్యశ్రీ అనే అమ్మాయి కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకుంది. సోమశిల ప్రాజెక్టు ముంపులో ఊరు పోయి ఆత్మకూరు చేరిన కుటుంబం వాళ్ళది. అంగన్‌వాడీల ఫోన్లన్నీ ఆమె దగ్గరికే వెళ్తాయి. ఆమె అంతా విని, “ఆంటీ, ఒక్క పైసా కట్టొద్దు. ఆ పెన్‌డ్రైవ్ ఇంక దేనికీ పెట్టొద్దు. రెండు కంప్యూటర్ల డబ్బాలూ రేపు తీసుకురమ్మనండి,” అంది.

గురువారం పొద్దున బస్సులో ఇద్దరు మనుషులు, రెండు మూటలు. సారుది కృపారాణి గారి పాత చీరలో, స్టేషనుది దుప్పటిలో. కండక్టరు మూటలు తట్టి చూశాడు.

“ఏందివి?”

“గ్రైండర్లు,” అన్నాడు మఫ్టీలో ఉన్న పెంచలప్రసాద్.

“అబద్ధం ఎందుకు ప్రసాదూ? కంప్యూటర్లండీ. నేరం చేసినాయి,” అన్నారు సారు.

“నేరం చేసినా లగేజీ టికెట్టు తీసుకోవాల్సిందే,” అని కండక్టరు రెండు చింపి ఇచ్చాడు.

ఆత్మకూరులో భవ్యశ్రీ షాపు తెరిచేసరికి పదిన్నర దాటింది. ఆమె సారు డబ్బాకు తన తెర, తన కెమెరా తగిలించి వేసింది. ఎర్రరంగు లేచింది. గడువుకు ఇంకా పదిహేను నిమిషాలుంది. ఆమె పని మొదలుపెట్టబోతే సారు చెయ్యి అడ్డం పెట్టారు.

“గడువు అయిపోనీమ్మా. తప్పించుకోడానికి వచ్చినామని అనుకుంటారు.”

భవ్యశ్రీ ఆయన ముఖంలోకి చూసి, స్టూలు లాక్కుని కూర్చుంది. ముగ్గురూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు. సారు మెడ దగ్గరి గుండీ పెట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. పెంచలప్రసాద్ గుమ్మం వైపు రెండుసార్లు చూశాడు. ఆఖరి నిమిషంలో సారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు.

గడియారం సున్నాకు వచ్చింది. ‘సమయము అయిపోయి ఉన్నది’ అని తెర మీద పడింది. కాసేపు ఆగి, నలభై ఎనిమిది గంటలు మళ్ళీ మొదటి నుంచి మొదలయ్యాయి.

సారు కళ్ళు తెరిచి, “గడువు పెంచినారా?” అన్నారు.

“ఎవరూ పెంచలేదు సార్, అవతల ఎవరూ లేరు,” అంది భవ్యశ్రీ. “ఇది పోలీసు గాదు. ఒక ప్రోగ్రాము. మీరు ఫోల్డరనుకొని నొక్కింది ఫోల్డరు గాదు, ఫోల్డరు బొమ్మ తగిలించుకున్న ప్రోగ్రాము. మీరు యస్ అనంగానే లోపలికొచ్చి, కంప్యూటరు లేచినప్పుడల్లా అందరికంటే ముందు తనే లేచేటట్టు పేరు రాయించుకునింది. తెరంతా తనే పరుచుకొని, మీటలు పని చెయ్యకుండా చేసి, కెమెరాతో ఒక ఫొటో తీసింది. అంతే. మీ ఫైళ్ళన్నీ దాని ఎనక అట్నే ఉండాయి.”

“మరి పోలీసు ముద్ర?” అన్నాడు పెంచలప్రసాద్.

“అదీ బొమ్మే సార్. పోలీసు పేరు చూస్తే జనం ఎవర్నీ అడక్కుండా కట్టేస్తారని పెడతారు. గిఫ్ట్ కార్డు ఎందుకంటే, దాని నంబరు చెప్పినాక డబ్బు యాడికి పోయిందో పట్టుకునేది కష్టం.”

ఆమె కంప్యూటరును ఆపి, అత్యవసరమైనవి తప్ప ఇంకేవీ మొదలవకుండా ఉండే సేఫ్ మోడ్ పద్ధతిలో వేసింది. ఎర్ర తెర రాలేదు. ముందుగా లేచేవాటి జాబితాలోంచి దాని పేరు తీసేసి, ఆ ప్రోగ్రామును తుడిచి, మొత్తం ఒకసారి వెతికించింది. అరగంటలో సారు ఫైళ్ళన్నీ వరసగా కనిపించాయి. రెండో డబ్బా కూడా అలాగే అయ్యింది.

“ఇంకో రకం ఉండాది సార్,” అంది. “అది తెరను మూయదు, ఫైళ్ళనే చదవనీకుండా కలగాపులగం చేసేస్తుంది. అది వచ్చుంటే నేనూ చేతులెత్తేసేదాన్ని. ముఖ్యమైనవి వేరే డిస్కులో కాపీ తీసుకొని, అది ఊడదీసి పక్కన పెట్టుకోండి. ఇట్టాంటివి మళ్ళీ వస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.”

సారు ఇంకేదో అడగాలనుకుంటున్నట్టు కూర్చున్నారు.

“అమ్మా, మరి నేను చేసినవి వాళ్ళకి ఎట్టా తెలిసినాయి?”

“తెలవవు సార్. యాడో కూర్చొని వేలమందికి ఇదే పంపిస్తారు. మీ పేరు కూడా వాళ్ళకి తెలవదు.”

“అయితే ఎవరికీ తెలవదా?”

“నాకు తెలుసు సార్,” అని నోరు జారాడు పెంచలప్రసాద్. వెంటనే, “గానీ మర్చిపోయినాను,” అన్నాడు.

తిరుగు బస్సులో సారు, సంతోషించాల్సిన మనిషి, ఎవరో తన ఇంటికి చుట్టంగా వచ్చి పేరు కూడా అడక్కుండా వెళ్ళిపోయినట్టు ముఖం పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారని పెంచలప్రసాద్ చెప్పాడు.

తర్వాత అన్నీ ఒక్కొక్కటిగా సర్దుకున్నాయి. రామనారాయణ కంప్యూటరు కూడా ఆత్మకూరు వెళ్ళి బాగుపడి వచ్చింది. 1930కి ఫోన్ చేశారు. స్టేషనులో ఫిర్యాదు కూడా నమోదైంది. అందులో బాధితుల పేర్ల దగ్గర స్టేషను పేరు ఉంది, ఫిర్యాదు ఇచ్చినవాడు పెంచలప్రసాద్, తీసుకున్నవాడు పెంచలప్రసాద్. ఆ కాగితం మీద తన సంతకం ఎదురుగా తానే రసీదు సంతకం పెట్టాడు. మాల్యాద్రి కొత్త పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు తెచ్చాడు, ఫ్లెక్సీ సమయానికి అందింది, ఫంక్షను బాగా జరిగింది. సారు అక్షరాల కంపెనీకి క్షమాపణ ఉత్తరం రాశారు. కంపెనీ ఎప్పుడో మూతబడిందని ఉత్తరం తిరిగొచ్చింది. ఆయన ఉచితంగా దొరికే అక్షరాలకు మారి, మీటలు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నారు. కృపారాణి గారు మూడు వారాలు కోడికూర వండలేదు. నాలుగో వారం వండారు గానీ, ఆయన ఎలా ఉందో చెప్పబోతుంటే వద్దన్నారు.

నవంబరులో వింజమూరులో ఒక హైస్కూలువాళ్ళు, పిల్లలకు సైబర్ మోసాల గురించి చెప్పమని ఇద్దర్నీ పిలిచారు. పెంచలప్రసాద్ యూనిఫారంలో వేదిక మీద కూర్చున్నాడు. సారు బల్ల మీద ఒక పెన్‌డ్రైవ్ పెట్టి, జరిగిందంతా ఏదీ దాచకుండా చెప్పారు. పిల్లలు బోండా దగ్గర చప్పట్లు కొట్టారు. చివర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచింది.

“సార్, మోసగాళ్ళు గాకుండా నిజం పోలీసులే లాక్ చేస్తే ఎట్టా తెలుస్తుంది సార్?”

దయాసాగర్ సారు బాగా ఆలోచించారు. అబద్ధం చెప్పకూడదని పక్కనున్న పెంచలప్రసాద్ వైపు ఒకసారి చూశారు కూడా.

“నిజం పోలీసులైతే ముందు మనమే స్టేషనుకు పోవాలమ్మా,” అన్నారు. “పోయినాక, ఎస్సై గారు లేరు, రేపు రమ్మంటారు.”

పెంచలప్రసాద్ అందరికంటే గట్టిగా నవ్వాడు. సభ అయ్యాక హెడ్‌మాస్టరు ఇద్దరికీ శాలువాలు కప్పాడు. సారు తన శాలువా మీద కుట్టిన స్కూలు పేరు చదువుకుని, అందులో ఒక దీర్ఘం ఎక్కువైందని మెల్లగా హెడ్‌మాస్టరు చెవిలో చెప్పారు.